చేపల తొట్టిలో ఇంటి మొక్కలు: అనంతపురం ఎండకు, బోరు నీళ్లకు తట్టుకునేలా పెంచడం ఎలా?

మనీ ప్లాంట్‌కు మట్టి అక్కర్లేదని అందరికీ తెలుసు. సీసాలో నీళ్లు పోసి కిటికీలో పెడితే ఏళ్ల తరబడి ఉంటుంది. ఉంటుందే గానీ పెద్దగా పెరగదు. ఉత్త నీళ్లలో దానికి తిండి లేదు. అదే తీగ వేళ్లను చేపలున్న తొట్టిలోకి వదిలి చూడండి. ఒకటి రెండు నెలల్లో కొత్తాకులు పాతవాటి కంటే పెద్దవిగా, ముదురు పచ్చగా వస్తాయి. చేపల మురికే దానికి ఎరువు.

అనంతపురంలాంటి చోట ఈ పద్ధతి గురించి ఇంత వివరంగా రాయడానికి కారణం నీళ్లు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే ఊరు మనది. మొక్కలు లేని చేపల తొట్టి అంటే వారం వారం బిందెలకు బిందెలు పారబోయాల్సిందే, లేకపోతే నీళ్లు కంపు కొడతాయి. మొక్కల వేళ్లు ఆ మురికిని లాగేసుకుంటే పారబోసేది బాగా తగ్గుతుంది. ఆ పారబోసే కొద్దిపాటి నీళ్లు కూడా కరివేపాకు చెట్టుకో, జామ చెట్టుకో పోతాయి. ఒక్క చుక్క కూడా వృథా కాదు. మన దగ్గర పెరట్లో తొట్టి పెట్టుకోవాలంటే నా దృష్టిలో సరైన దారి ఇదే.

ఇంకో మాట. ఈ విషయం మీద దొరికే సలహాల్లో చాలా వరకు చలి దేశాలవి. ఎండాకాలం రాగానే మొక్కల్ని బయట కుంటలో పెట్టండి, మంచు పడే ముందు ఇంట్లోకి తీసుకెళ్లండి అంటారు. మనకు అంతా తలకిందులు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మొక్క కాస్త నెమ్మదిస్తుంది, అంతే. మన గండం మార్చి నుంచి జూన్ వరకు. కింద చెప్పేవన్నీ దాన్ని దృష్టిలో పెట్టుకునే.

నీళ్లలో ఏం జరుగుతుంది

చేప మొప్పల నుంచి అమ్మోనియా వస్తుంది. మిగిలిపోయిన మేత, రెట్ట కుళ్లినా అదే వస్తుంది. తొట్టి గోడలకు, రాళ్లకు, వేళ్లకు పట్టుకుని ఉండే బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ చేపకు విషం. మూడోది మామూలు మోతాదులో పెద్దగా హాని చేయదు, మొక్కకైతే మంచి ఆహారం. మొక్కలు అమ్మోనియాను కూడా నేరుగా కొంత తీసుకుంటాయి.

బోరు నీళ్లు వాడేవాళ్లు ఇక్కడ ఒక సంగతి తెలుసుకోవాలి. నీళ్లలోని అమ్మోనియా అంతా విషం కాదు. అందులో ఎంత భాగం విషరూపంలో ఉందనేది పీహెచ్ (నీళ్లలో పులుపు గుణం ఎంతో, క్షార గుణం ఎంతో చెప్పే అంకె), వేడి నిర్ణయిస్తాయి. 30 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే నూటికి ఒక వంతు కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే ఏడెనిమిది వంతులు, 8.5కు వెళితే దాదాపు ఐదో వంతు విషంగా మారుతుంది. మన బోరు నీళ్లు చాలా చోట్ల 8 చుట్టూనే ఉంటాయి, ఎండ సరేసరి. అంటే ఉప్పులు, పీహెచ్ తక్కువుండే మెత్తటి నీళ్లున్న ఊర్లో నడిచిపోయే అజాగ్రత్త ఇక్కడ చేపల ప్రాణం తీస్తుంది. చేపలు తక్కువ, వేళ్లు ఎక్కువ ఉండాలని నేను పదే పదే చెప్పేది ఇందుకే.

తొట్టి

ఉన్న తొట్టినే వాడుకోవచ్చు. కొత్తగా కట్టించేటట్టయితే లోతు రెండు అడుగులకు తగ్గనివ్వకండి, రెండున్నర అయితే ఇంకా మేలు. లోతు లేని తొట్టి మే నెల మధ్యాహ్నానికి కాగిపోతుంది. చోటు విషయానికొస్తే, పొద్దున ఎండ తగిలి, పదకొండు తర్వాత ఇంటి నీడో చెట్టు నీడో పడే తూర్పు వైపు మంచిది. వేపచెట్టు కిందే వద్దు. ఆకు, పూత, పండు రాలి అడుగున మడ్డి కడుతుంది. గన్నేరు, బ్రహ్మజెముడు తొట్టి పక్కన అసలే వద్దు. వాటి పాలు, ఆకులు నీళ్లలో పడితే చేపలకు ప్రమాదం.

నీళ్లెన్ని పడతాయో లెక్క వేసుకోండి. పొడవు, వెడల్పు, లోతు అడుగుల్లో గుణించి, వచ్చిన దాన్ని 28తో గుణిస్తే లీటర్లు. 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతుంటే సుమారు 1,350 లీటర్లు. చేపల సంఖ్యకు, మందుల మోతాదుకు ఈ అంకె కావాలి, గోడ మీద రాసి పెట్టుకోండి.

కొత్త సిమెంటు తొట్టిలో వెంటనే చేపల్ని వదిలితే బతకవు. సిమెంటు నుంచి సున్నం దిగి పీహెచ్ 10 దాటుతుంది. నీళ్లు నింపి నాలుగైదు రోజులు ఉంచి తీసేయండి. ఇలా మూడు నాలుగు సార్లు చేయాలి. ఒక విడతలో అరటి బోదెను ముక్కలుగా కోసి వేసి వారం నానబెట్టడం పాత పద్ధతి, బాగా పనిచేస్తుంది. పులివెందుల వైపు నుంచి గెలలు దింపే మండీల్లో గానీ, దగ్గరి తోటల్లో గానీ బోదెలు అడిగితే ఇస్తారు. తర్వాత లోపల బాగా రుద్ది కడిగి, మళ్లీ నింపి, పీహెచ్ స్ట్రిప్పుతో చూడండి. 8.5 కంటే తగ్గితేనే ముందుకు వెళ్లండి.

తాడిపత్రి బండలతో కట్టిన తొట్టి అయితే సందుల్లో సిమెంటు ఉంటుంది కాబట్టి దానికీ ఇదే పని చేయాలి. ఆ బండ సున్నపురాయి. పీహెచ్ తగ్గించాలని నిమ్మరసం, వెనిగర్ లాంటివి పోస్తే రాయి కొద్దికొద్దిగా కరుగుతుంది, పీహెచ్ మళ్లీ మొదటికే వస్తుంది. మధ్యలో ఆ ఎగుడుదిగుడుకు చేపలు నలిగిపోతాయి. నీళ్లు ఎలా ఉన్నాయో అలాగే ఉంచి, దానికి తట్టుకునే చేపను, మొక్కను ఎంచుకోవడం తెలివైన పని.

ఇత్తడి గంగాళం, రాగి పాత్రలు అందంగా ఉంటాయని చాలామంది అడుగుతారు. వద్దు. రాగి నీళ్లలోకి దిగితే చేపలు చనిపోతాయి. పాచికి మైలుతుత్తం వేయకూడదనేది కూడా ఇందుకే, అదీ రాగి ఉప్పే.

చిన్నపిల్లలున్న ఇంట్లో తొట్టి మీద ఇనుప జాలీ బిగించిన తర్వాతే నీళ్లు నింపండి. రెండడుగుల నీళ్లు పసిపిల్లలకు చాలా ప్రమాదం. అదే జాలీ కొంగల నుంచి, లకుముకి పిట్టల నుంచి చేపల్ని కూడా కాపాడుతుంది.

నీళ్లు, చేపలు

మున్సిపాలిటీ కొళాయి నీళ్లయితే క్లోరిన్ పోవడానికి డ్రమ్ములో ఒక రోజు మూత లేకుండా ఉంచి పోయండి. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు గానీ ఉప్పులుంటాయి. వీలైతే వాన నీళ్లు పట్టుకోండి. 1,000 చదరపు అడుగుల మిద్దె మీద 20 మిల్లీమీటర్ల వాన పడితే, వృథా పోగా 1,500 లీటర్ల దాకా వస్తుంది. తొట్టి ఒక్క వానకు నిండుతుంది. తొలి వానలో మిద్దె మీది దుమ్ము, పక్షి రెట్టలు వస్తాయి కాబట్టి మొదటి పది నిమిషాల నీళ్లు పక్కకు వదిలేయండి.

చేపల్లో మొదటిసారి పెంచేవాళ్లకు గప్పీలు, మోలీలు సరిపోతాయి. సున్నం, ఉప్పులు ఎక్కువుండే గట్టి నీళ్లు వాటికి ఇష్టం కూడా. దోమ పిల్లల్ని తినేస్తాయి, వేళ్లను పాడుచేయవు. 1,350 లీటర్లకు పాతికతో మొదలుపెట్టండి, అవే పెరుగుతాయి. గోల్డ్‌ఫిష్ అయితే ఐదారుకు మించొద్దు. అవి వేళ్లను కొరుకుతాయి, మురికి కూడా ఎక్కువ. కోయ్ చేపలకు ఈ సైజు తొట్టి చాలదు, పైగా వేళ్లన్నీ పీకేస్తాయి.

తొట్టి నింపగానే అన్నీ ఒకేసారి వేయకండి. ముందు మొక్కలు, తర్వాత నాలుగైదు చేపలు. బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఎవరి దగ్గరైనా నడుస్తున్న తొట్టి ఉంటే, అందులోంచి గుప్పెడు గులకరాళ్లు తెచ్చి వేస్తే ఈ పని త్వరగా అవుతుంది. అవి ఎండిపోకుండా అదే నీళ్లలో తీసుకురావాలి.

ఏ మొక్కలు పెట్టాలి

మొదటి స్థానం మనీ ప్లాంట్‌దే. కణుపు దగ్గర గోధుమ రంగులో చిన్న మొటికలా ఉంటుంది, అదే వేరు మొలక. నీళ్లు తగిలితే చాలు రెండు వారాల్లో వేరు దిగుతుంది. సింగోనియం, ఫిలోడెండ్రాన్ తీగలు కూడా దాదాపు అంతే సులువు. పీస్ లిల్లీ నీడలో తెల్లగా పూస్తుంది, తొట్టికి చాలా అందం. కానీ దాని మొదలు నీళ్లలో మునగకూడదు. రంగుల కోలియస్, ఊదా రంగు ట్రేడ్స్‌కాంటియా కొమ్మ విరిచి గుచ్చితే వేళ్లొస్తాయి. ఎండ ఎక్కువ పడే అంచున గొడుగు గడ్డి, మెట్టతామర, చేమ పెట్టండి. ఇవి ఎండకు తట్టుకుని వెనక ఉన్న నాజూకు మొక్కలకు నీడనిస్తాయి. మురికి లాగడంలో కూడా వీటిని మించినవి లేవు.

స్పైడర్ ప్లాంట్, లక్కీ బాంబూ గురించి ఒక హెచ్చరిక. రెండూ నీళ్లలో బాగానే పెరుగుతాయి గానీ ఫ్లోరైడ్‌ను ఓర్చుకోలేవు. మన జిల్లాలో ఫ్లోరైడ్ ఉన్న బోర్లు చాలా ఉన్నాయి. ఆకు కొసలు గోధుమ రంగుకు తిరిగి ఎండిపోతుంటే చాలామంది నీళ్లు తక్కువయ్యాయనుకుంటారు, మొక్కేమో నీళ్లలోనే ఉంటుంది. ఫ్లోరైడ్ ఉన్న బోరయితే ఈ రెండింటినీ వాన నీళ్ల సీసాలో పెట్టుకోండి, తొట్టిలో వద్దు.

స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్, కలబంద, కాక్టస్‌లను ఈ జాబితా నుంచి పూర్తిగా తీసేయండి. ఇలాంటి మెట్ట మొక్కల కండపట్టిన వేళ్లు, దుంపలు నీళ్లలో తేలిగ్గా కుళ్లుతాయి, ఆ కుళ్లు చేపల మీద పడుతుంది. గుర్రపుడెక్క నీళ్లను బాగా శుభ్రం చేస్తుందని ఎవరైనా ఇస్తే తీసుకోకండి. కొద్ది వారాల్లో తొట్టిని కప్పేస్తుంది.

మనీ ప్లాంట్, పీస్ లిల్లీ, చేమ, సింగోనియం ఆకుల్లో నోటికి దురద పెట్టే సూదుల్లాంటి స్ఫటికాలుంటాయి. చేపలు వాటి జోలికి పోవు. పిల్లలు, కుక్కపిల్లలు కొరక్కుండా చూసుకోండి.

వేళ్లు కడగడం

అన్నిటికంటే ఓపిక కావాల్సింది ఇక్కడే, తొందరపడొద్దు. మన నర్సరీలకు వచ్చే మొక్కల్లో చాలా భాగం కడియం నుంచో, బెంగళూరు నుంచో వస్తాయి. కవరు చించితే మట్టి ముద్ద గట్టిపడి, వేళ్లతో కలిసి ఇటుకలా ఉంటుంది. దాన్ని చేత్తో పిసికి విడదీస్తే వేళ్లు తెగుతాయి. బకెట్ నీళ్లలో ముద్దను రాత్రంతా నానబెట్టండి. పొద్దున మొక్క మొదలు పట్టుకుని నీళ్లలోనే అటూ ఇటూ మెల్లగా ఊపితే మట్టి పొరలు పొరలుగా జారుతుంది. నీళ్లు మార్చి మళ్లీ ఊపండి. చివరికి సన్న వేళ్ల మధ్య ఇరుక్కున్న మట్టిని పైపు సన్నధారతో కడగండి. వేళ్లు తెల్లగానో లేత గోధుమ రంగులోనో కనిపించి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. పట్టుకుంటే మెత్తగా నలిగి, పైపొర ఊడి దారం లాంటిది మిగిలితే అది కుళ్లిన వేరు. కత్తెరతో తీసేయండి.

కడిగిన మొక్కను నేరుగా తొట్టిలో పెట్టకండి. నర్సరీల్లో మట్టిలో గుళికల మందు కలుపుతారు, ఆకుల మీద పురుగుమందు కొడతారు. పైరెథ్రాయిడ్ జాతి మందులు చేపలకు అతి కొద్ది మోతాదులో కూడా ప్రాణాంతకం. అందుకని రెండు మూడు వారాలు విడి బకెట్‌లో, నీడలో ఉంచి, మూడు రోజులకోసారి నీళ్లు మార్చండి. ఈ లోపు ఇంకో మేలు జరుగుతుంది. మట్టిలో పెరిగిన వేరు వేరు, నీళ్లలో పుట్టిన వేరు వేరు. పాత వేళ్లలో కొన్ని చచ్చి, లోపల గాలి గదులున్న కొత్త తెల్ల వేళ్లు వస్తాయి. అవి వచ్చాకే మొక్క తొట్టికి సిద్ధమైనట్టు. ఈ దశలో రెండు మూడు పాతాకులు పండి రాలితే టెన్షన్ పడక్కర్లేదు.

కుదిరితే పూర్తి మొక్క కొనకుండా, తెలిసినవాళ్ల ఇంట్లోంచి కొమ్మ తెచ్చుకోండి. మట్టి బాధ లేదు, మందు భయం లేదు, ఖర్చూ లేదు.

తొట్టిలో నిలబెట్టడం

సూత్రం ఒకటే: వేళ్లు నీళ్లలో, మొదలు గాలిలో. అడుగున, పక్కల చిల్లులున్న చిన్న ప్లాస్టిక్ బుట్టలు తీసుకుని, కడిగిన కంకరతో మొక్కను నిలబెట్టండి. పెంకు ముక్కలైనా పర్వాలేదు. మట్టి, కోకోపీట్ వద్దు. ఒకటి నీళ్లను బురద చేస్తుంది, ఇంకోటి టీ రంగులోకి మారుస్తుంది. బుట్టను తొట్టి అంచుకు ప్లాస్టిక్ పూత ఉన్న తీగతో వేలాడదీసి, బుట్టలో కింది సగం మాత్రం మునిగేలా సరిచేయండి. నీటిమట్టం రోజూ తగ్గుతుంది కాబట్టి తీగ పొడవు మార్చుకునేలా కట్టడం మంచిది. పెద్ద మొక్కలకు అడుగున ఇటుకలు పేర్చి మెట్టు కట్టండి. ఆ ఇటుకల్ని ముందే నానబెట్టి కడగాలి.

తేలే బుట్టలు కావాలంటే మూత బిగించిన ఖాళీ వాటర్ బాటిళ్లు నాలుగు పక్కలా కట్టండి. థర్మాకోల్ వాడొద్దు, ఎండకు పొడి రాలి చేపల నోట్లో పడుతుంది.

మొక్కలు తొట్టి పైభాగంలో సగాన్ని కప్పితే చాలు. చాలామందికి తెలియని సంగతి ఏంటంటే, ఈ మొక్కల ఆకులు గాలిలో ఉంటాయి కాబట్టి అవి వదిలే ఆక్సిజన్ గాలిలోకే పోతుంది. నీళ్లలో వేళ్లు ఆక్సిజన్ తీసుకుంటాయి తప్ప పెద్దగా ఇవ్వవు. తొట్టి నిండా వేళ్లు కమ్ముకుంటే తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. అందుకని సగం పైభాగం ఖాళీగా ఉంచి, చిన్న ఎయిర్ పంపు ఒకటి పెట్టండి. అది తీసుకునేది ఐదారు వాట్లే, ఇన్వర్టర్‌కు కలిపితే కరెంటు పోయినా ఆగదు.

మార్చి నుంచి జూన్ వరకు

ఇంటి మొక్కల్లో చాలా వరకు అడవిలో పెద్ద చెట్ల నీడన పుట్టిన జాతులు. నేరుగా మన ఎండలో పెడితే ఆకు ఒక్క రోజులో తెల్లబడి కాగితంలా అవుతుంది. ఇంట్లోంచి తెచ్చిన మొక్కను మొదట వసారాలో, తర్వాత పొద్దుటి ఎండలో రెండు గంటలు, ఇలా రెండు వారాల్లో అలవాటు చేయండి. ఫిబ్రవరి చివరికల్లా తొట్టి పైన 75 శాతం ఎండను ఆపే గ్రీన్ నెట్ కట్టండి. ఆరేడు అడుగుల ఎత్తున కడితేనే గాలి ఆడుతుంది. ఆగస్టు నుంచి 50 శాతం నెట్ చాలు.

నీళ్లు 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు. 35 డిగ్రీలకు అది 7 లోపుకు పడిపోతుంది. చేపకేమో వేడికి ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాలి. అందుకే వేసవిలో మేత సగం చేయండి, పొద్దునే వేయండి. మధ్యాహ్నం వేసిన మేత ముట్టకుండా కుళ్లుతుంది. తొట్టి చల్లబడాలని ఐసు ముక్కలు వేయకండి, వేడి అమాంతం మారితే చేపలు తట్టుకోలేవు. తొట్టి బయటి గోడలకు తడి గోనె సంచులు కప్పితే సరిపోతుంది.

మే నెలలో ఆరుబయట నీళ్లు రోజుకు 8 నుంచి 10 మిల్లీమీటర్లు ఆవిరవుతాయి. పైన చెప్పిన సైజు తొట్టికి అది దాదాపు 20 లీటర్లు. నెట్ కడితే తగ్గుతుంది. ఇక్కడ ఒక చిక్కుంది. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పులు తొట్టిలోనే ఉండిపోతాయి. తగ్గినంత బోరు నీళ్లు పోస్తూ పోతే రెండు మూడు నెలల్లో నీళ్లు ఉప్పు తేలిపోతాయి, బండల మీద తెల్లటి పొర కడుతుంది. కాబట్టి వారానికి పదో వంతు నీళ్లు, అడుగు నుంచి మడ్డితో సహా పైపుతో లాగి చెట్లకు పోయండి. ఆ తర్వాతే కొత్త నీళ్లు. నీళ్లలో కరిగిన ఉప్పుల్ని కొలిచే టీడీఎస్ మీటరు కొనుక్కుంటే ఇంకా సులువు. మీరు పోసే నీటి అంకెకు తొట్టి అంకె ఒకటిన్నర రెట్లు దాటిందంటే నీళ్లు మార్చాలి.

తేడా వచ్చినప్పుడు

కొత్తాకు పసుపు పచ్చగా వచ్చి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే అది ఇనుప ధాతు లోపం. సున్నం నేలల్లో వేరుశనగకు వచ్చేది ఇదే, మన రైతులు చూడగానే గుర్తుపడతారు. నీళ్లలో ఇనుము ఉన్నా పీహెచ్ ఎక్కువైతే వేరు తీసుకోలేదు. వేరుశనగకు చేసినట్టే అన్నభేది (ఇనుము ఉండే ఉప్పు), కొద్దిగా నిమ్మ ఉప్పు కలిపి కొట్టొచ్చు. మోతాదు తగ్గించి లీటరుకు ఒకటి రెండు గ్రాముల అన్నభేది చాలు. మొక్కను తొట్టి నుంచి బయటికి తీసి, ఆకుల మీద చల్లి, ఆరాక మళ్లీ పెట్టండి. తొట్టిలో మాత్రం వేయొద్దు. యూరియా, డీఏపీల ఊసే వద్దు.

పాతాకులు వరసగా పండుతుంటే చేపల సంఖ్యకు మొక్కలు ఎక్కువైనట్టు, కొన్ని తగ్గించండి. నీళ్లు పచ్చగా మారితే మేత ఎక్కువ, నీడ తక్కువ. పిండినల్లి పడితే వేప నూనెతో సహా ఏ మందూ తొట్టి మీద కొట్టకండి. బుట్టను పక్కకు తెచ్చి, తడి గుడ్డతో ఆకులు తుడిచి, నీళ్ల ధారతో కడిగి పెట్టండి. చేపలకు జబ్బు చేసి ఉప్పు వైద్యం చేయాల్సి వస్తే విడి టబ్బులో చేయండి, ఆ ఉప్పుకు మొక్కలు మాడిపోతాయి.

వేళ్లు బుట్ట దాటి గుబురుగా పెరిగితే రెండు నెలలకోసారి మూడో వంతు కత్తిరించండి. చేప దూరలేనంత చిక్కబడితే అందులో మడ్డి చేరుతుంది, దోమలు కూడా అక్కడే గుడ్లు పెడతాయి. బుట్టల పైభాగంలో, చేప చేరలేని చోట నీళ్లు నిలుస్తున్నాయేమో వారానికోసారి వేలితో తడిమి చూడండి. కత్తిరించిన తీగలు పారేయకుండా రెండేసి కణుపులుండేలా కోసి, కొత్త బుట్టలో గుచ్చండి, ఇరుగుపొరుగుకు ఇవ్వండి. ఎక్కువైన గప్పీల్ని కూడా అలాగే తొట్టి ఉన్నవాళ్లకు పంచండి. వాటిని గానీ, తీసేసిన మొక్కల్ని గానీ శింగనమల చెరువులోనో, దగ్గర్లోని వంకలోనో వదలకండి. అక్కడి చేపల్ని, గడ్డిని ఇవి తొక్కేస్తాయి. మిగిలిన ఆకు, వేరు ఎరువు గుంతలో వేయండి.